మా బావ సాగదీసిన టోపీలు

మా బావ తల సైజు అరవై రెండు. చెవులకి ఒక వేలు పైనుంచి, నుదుటి మధ్యగా టేపు తిప్పి తెస్తే అరవై రెండు సెంటీమీటర్లు. మా కొట్లో అరవై దాటిన టోపీ ఉండేది కాదు.

అప్పటికి అతను మా బావ కాదు, లారీ డ్రైవరు. నెలకి రెండుసార్లు ఉన్నిగుడ్డ బేళ్ళు మా గుమ్మంలో దించేవాడు. దించి ఊరుకోక, అద్దం ముందు నిలబడి ఒక్కో టోపీ నెత్తిన పెట్టుకుని చూసుకునేవాడు. ఏదీ దిగేది కాదు. గుమ్మడికాయ మీద గిన్నె బోర్లించినట్టుండేది. కుట్టుమిషను దగ్గర కూర్చున్న మా అక్క నవ్వాపుకోలేక దారం తెంపుకునేది. నాలుగోసారి వచ్చినప్పుడు, "పోనీ నా తల కొలత తీసుకోండి, కొత్తది కుట్టించుకుంటా" అన్నాడు. కొలతలు తీసేది నేను. ఆ రోజు మాత్రం టేపు పట్టుకుని అక్కే లేచింది. నేను నోరు మూసుకుని గుండీలు ఏరుకున్నాను.

ఆ టోపీని నాన్న మనసు పెట్టి కుట్టాడు. ఎనిమిది ముక్కలు, నడినెత్తిన గుడ్డ చుట్టిన గుండీ, ముందు పొట్టి చూరు. మేం చేసేవన్నీ అలాంటి పాతకాలం టోపీలే. ఒకప్పుడు పనివాళ్ళు పెట్టుకునేవి, ఇప్పుడు ఫ్యాషనని కుర్రాళ్ళు కొంటున్నారు. అది బావ తలకి ఎంత బాగా కుదిరిందంటే, పరీక్షకని నేను వెనకనుంచి వచ్చి లాగినా కదల్లేదు. నుదుటి మీద గీత మాత్రం పడలేదు. నాన్న చెయ్యి అప్పుడలా ఉండేది.

పెళ్ళి మాటలు వచ్చినప్పుడు అమ్మ ఒకటే పట్టు పట్టింది.

"నెలకి నాలుగు రోజులు కనిపించే మొగుణ్ణి నా కూతురికి కట్టబెట్టను. లారీయో పిల్లో, ఏదో ఒకటి తేల్చుకోమనండి."

నాన్న కొంచెం మెత్తగా చెప్పాడు. "కొట్లోకి వచ్చెయ్యవయ్యా. పైన గది ఖాళీగా ఉంది. ఒక ఏడాది చూడు. నచ్చకపోతే నీ స్టీరింగు నీకెప్పుడూ ఉంటుంది."

ఏడేళ్ళు రోడ్డు మీద తిరిగిన మనిషి, ఇరవై తొమ్మిదో ఏట, ఒక సంచి పట్టుకుని మా ఇంటికి అల్లుడుగా వచ్చాడు.

మా కొట్టు రెండు గదులు. ముందు గదిలో వీధి వైపు అద్దాల కిటికీ, దాని కింద నాన్న కత్తిరించే బల్ల, గోడవార అక్క మిషను, గుమ్మం పక్కన నేను నిలబడే కౌంటరు. వెనక గదికి కిటికీ లేదు. గుడ్డ చుట్టలు అడ్డంగా ఉండటంతో తలుపు సగమే తెరుచుకునేది. బావ పక్కకి తిరిగి, తల వంచి దూరాలి. లోపల ఒక స్టూలు, ఒక బల్బు, ఎప్పుడూ పొగలు కక్కే కెటిల్, మూడు చెక్క తలలు. చెక్క తల అంటే ఇంకేం లేదు, తల ఆకారంలో రెండు చెక్క ముక్కలు, మధ్యలో మర. టోపీ ఆవిరికి పట్టి, చెక్క తలకి తొడిగి మర తిప్పితే ముక్కలు విడతాయి, టోపీ సాగుతుంది. మర్నాటిదాకా అలాగే ఉంచాలి.

నాన్న బావకి మొదట నేర్పిన పని అదే. "అర సైజు సాగుతుంది. అంతే. కొనేవాడు ఎంత బతిమాలినా అంతకు మించి తిప్పకు, కుట్టు ఊరుకోదు. బిగుతు టోపీ కొనుక్కుని 'అదే వదులవుతుందిలే' అనుకునేవాడికి తలనొప్పి, మనకి మాట. సరిపోయేది ఇంకోటి ఇచ్చి పంపించు."

బావ బుద్ధిగా తలూపాడు. తలూపడం అతనికి పుట్టుకతో వచ్చిన జబ్బు.

ఏడాది గడిచింది. నచ్చిందా అని ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక వీధి చివరి పెట్రోలు బంకు దాకా నడిచి వెళ్ళి, ఆగిన లారీల నంబర్లు చూసి వచ్చేవాడు. ఏ ఊరి బండో అక్కకి చెప్పేవాడు. అక్క వింటూ కుట్టుకునేది.

నాలుగో ఏట ఒక చిన్న సంగతి జరిగింది. ఒక పోస్టుమాన్ వచ్చాడు. నేను తల కొలిచాను. యాభై ఎనిమిది. యాభై ఎనిమిది అని చీటీ ఉన్న టోపీ ఇచ్చాను. అది అతని చెవుల పైనే ఆగిపోయింది. మళ్ళీ కొలిచాను. మూడోసారి కొలిచాను.

"నీ టేపు సాగిపోయి ఉంటుంది," అన్నాడు నాన్న కత్తెర ఆపకుండా. "గుడ్డ టేపు ఏడాదికోసారి మార్చాలని ఎన్నిసార్లు చెప్పాను?"

నాకు సిగ్గేసింది. ఆ సాయంత్రమే కొత్త టేపు తెచ్చాను. పోస్టుమాన్ టోపీ బావ లోపలికి తీసుకెళ్ళి సాగదీసి మూడోనాడు ఇచ్చాడు. సంగతి అంతటితో అయిపోయిందనుకున్నాను. రెండు నెలల తర్వాత నాకు పొరుగూరి ప్రెస్సులో అచ్చుతప్పులు దిద్దే ఉద్యోగం వచ్చింది. టేపు బావ చేతిలో పెట్టి వెళ్ళిపోయాను. ఊళ్ళోవాళ్ళ పుస్తకాల్లో తప్పులన్నీ పట్టాను కానీ మా ఇంట్లో తప్పు నా కళ్ళబడలేదు.

బావ పట్టుకున్నాడు. ఇదంతా చాలా ఏళ్ళ తర్వాత తనే నాకు చెప్పాడు.

పోస్టుమాన్ వెళ్ళిన మర్నాడు అలమారలో టోపీలన్నీ దించి లోపలి చుట్టుకొలత కొలిచాడట. చీటీ యాభై ఎనిమిది, టోపీ యాభై ఆరున్నర. చీటీ అరవై, టోపీ యాభై ఎనిమిదిన్నర. ఒక్కటీ సరిగ్గా లేదు. తర్వాత చెత్తబుట్ట చూశాడు. నాన్న గుడ్డ మీద అట్ట పెట్టి, చుట్టూ సుద్దగీత గీసి, గీత మీదే కత్తిరిస్తాడు. సుద్ద ఎప్పుడూ టోపీ ముక్కకి కనిపించాలి. ఆ రోజు సుద్దగీతలన్నీ చెత్తలో పడిన పీలికల మీద ఉన్నాయి. కత్తెర గీత లోపలికి నడుస్తోంది. ఒక్క ముక్కకి వెంట్రుకవాసి తేడా అయితే ఎవరికీ తెలియదు. టోపీకి ఎనిమిది ముక్కలు. ఎనిమిది వెంట్రుకవాసులు కలిస్తే తల పట్టదు.

అప్పుడు గమనించాడు. నాన్న పేపరు చదివేటప్పుడు మెడ ఒక పక్కకి తిప్పుతున్నాడు. కుడివైపునుంచి ఎవరైనా వస్తే ఉలిక్కిపడుతున్నాడు.

"మామయ్యా, ఒకసారి కళ్ళ డాక్టరుకి చూపించుకుంటే..."

"నా కళ్ళకేం రోగం? ఈ కత్తెరకి నలభై ఏళ్ళు. నీ చేతికి నాలుగేళ్ళు. గీత మీద చెయ్యి నిలవని రోజు నన్ను ఆ పీలికలతో పాటు ఊడ్చి పారెయ్యి. అందాకా నోరెత్తకు."

అమ్మకి అప్పటికే గుండె బాగాలేదు. ఇంట్లో గొంతు లేస్తే ఆవిడ ఛాతీ పట్టుకునేది. బావ కక్కలేక మింగలేక లోపలికి వెళ్ళి కెటిల్ పెట్టాడు. మొదట కొన్ని రోజులే అనుకున్నాడు. ఈలోగా ఆయనకే తెలుస్తుంది, లేకపోతే ఎవరో ఒకరు చెప్తారు అనుకున్నాడు. ఎవరు చెప్తారు? చీటీ మీద ఉన్న సైజుకి ప్రతి టోపీని బావ తెచ్చి పెడుతుంటే, బయట అందరికీ అన్నీ సరిపోతున్నాయి. "మీ మామగారి చెయ్యి ఇప్పటికీ అలాగే ఉందయ్యా!" అని కొన్నవాళ్ళు మెచ్చుకుంటున్నారు. నాన్న మీసం తిప్పుకుంటున్నాడు. తప్పు ఎంత బాగా దాస్తే బావ అంత లోతుకి దిగిపోయాడు.

సైజున్నర సాగాలంటే ఒకసారి మర తిప్పితే కాదు. ఆవిరి, మర, మళ్ళీ ఆవిరి, మళ్ళీ మర. ఒక్కో టోపీకి రెండు రోజులు. ఉన్నవి మూడు చెక్క తలలు. ఒక రోజు మానేస్తే మూడు టోపీలు తప్పు సైజుతో అలమారలోకి పోతాయి. అందుకని ఒక రోజు కూడా మానలేదు. జ్వరం వచ్చినా మానలేదు. పెట్రోలు బంకు దాకా నడక మానేశాడు.

నా పెళ్ళికి రాలేదు. అక్క వచ్చింది, నాన్న వచ్చాడు, అమ్మ కూడా ఓపిక చేసుకుని వచ్చింది. చెక్క తలల మీద రెండు రోజుల పని ఆగుతుందని బావ రాలేదు. "కొట్లో పనుందట" అంది అక్క, నా మొహం చూడకుండా. ఇల్లు పట్టుకుని వేలాడేవాడికి మరదలి పెళ్ళికి రావడానికి కాళ్ళు లేవా అని నలుగురిలో అనేశాను. ఆ మాట అతనిదాకా వెళ్ళింది కూడా. చాలాకాలం నేను అతనితో ముక్తసరిగానే మాట్లాడాను.

ఆ మరుసటేడు అమ్మ పోయింది. ఇంకో మూడేళ్ళకి గుండు డ్రైవరు వచ్చాడు. బావ పాత జోడీ అతను. నున్నటి గుండు, ఎండలోనూ వానలోనూ ఏమీ పెట్టుకోడు. టోపీల కొట్లోకి వచ్చి మాకు వెక్కిరింపులా కూర్చునేవాడు.

"రెండో బండి కొంటున్నాను. నువ్వు నడుపు. పదిహేను రోజులకోసారి ఇంటికొస్తావు. మీ అత్తగారు ఇప్పుడు లేరు కదా, అడ్డమెవరు?"

బావ మొహంలో రక్తం పొంగడం చూశానని అక్క చెప్పింది. కానీ అతని నోటినుంచి వచ్చింది వేరే మాట. "చేతిలో పెద్ద ఆర్డరుంది. అది అయ్యాక చెప్తాను."

ఆ రాత్రి భోజనాల దగ్గర అక్కని అడిగాడు. "వెళ్ళనా?"

"మీ ఇష్టం. కానీ ఇప్పుడే కాదులెండి," అంది అక్క.

తనని ఇంటికి కట్టేస్తున్నది అక్కే అనుకున్నాడు బావ. కొట్టు వదల్లేక సాకులు చెప్తున్నది బావే అనుకుంది అక్క. ఒకే కంచంలో తింటున్న ఇద్దరు మనుషులు.

పెద్ద ఆర్డరు అబద్ధం కాదు. సరదా ప్రయాణాలకని పాత ఆవిరి రైలొకటి మళ్ళీ నడపబోతున్నారు. అందులో పనిచేసేవాళ్ళందరికీ పాతకాలం టోపీలు కావాలి. నలభై రెండు. తలల కొలతలు తియ్యడానికి నాన్న నన్ను పిలిపించాడు. "ఈ పనిలో నీ చెయ్యే నమ్మకం" అన్నాడు. నేను సెలవు పెట్టి వెళ్ళి, ప్లాట్‌ఫారం మీద నలభై రెండు మందిని వరసగా నిలబెట్టి కొలిచాను. జుట్టు తడిగా ఉన్నవాళ్ళని ఆరాక రమ్మన్నాను. ఒక్కో తలకీ రెండుసార్లు టేపు చుట్టాను.

టోపీలు తయారై వెళ్ళాయి. రైలు మొదలైన రెండో వారం వాన పడింది. మూడో వారం టోపీలన్నీ అట్టపెట్టెలో మా కొట్టుకి తిరిగొచ్చాయి. నా కొలతలే తప్పాయేమోనని నేనూ పరిగెత్తుకొచ్చాను.

పెట్టె తెచ్చిన రైలాయన మర్యాదస్తుడు. గొంతు పెంచలేదు. ఒక టోపీ తీసి తన తలకే పెట్టుకుని కిందికి లాగాడు. అది టప్పున రెండు చోట్ల విచ్చుకుంది.

"వానకి తడిసి ముడుచుకున్నాయండి. పెట్టుకుందామంటే ఇలా విచ్చుకుంటున్నాయి. మా డ్రైవరు తలమీద నాలుగు ముక్కలు నాలుగు వైపులా లేచాయి, ప్రయాణికులు ఫొటోలు తీసుకున్నారు. నెల రోజుల్లో మళ్ళీ చేసివ్వగలరా?"

"ఇస్తాం," అన్నాడు నాన్న. రైలాయన వెళ్ళేదాకా ఆగాడు. టోపీ తిరగేసి లోపలి పట్టీ మీద వేలు నడిపాడు. పట్టీ అలలు అలలుగా ఉంది. నలభై ఏళ్ళు ఆ పని చేసిన వేళ్ళు కదా, కళ్ళతో పని లేదు.

"ఎవరు సాగదీశారు దీన్ని?"

వెనక గది తలుపు సందులోంచి బావ పక్కకి తిరిగి బయటికొచ్చాడు. "నేనే."

"అన్నీనా?"

"అన్నీ."

"ఎవరు చెయ్యమన్నారు?"

"ఎవరూ చెప్పలేదు."

"అర సైజు దాటొద్దని ఎన్నిసార్లు చెప్పాను నీకు! లారీ చక్రానికి నట్టు బిగించినట్టు బిగించావు. పదేళ్ళు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పితే ఇదా? నలభై ఏళ్ళ పేరు వానలో కలిపావు కదయ్యా!"

బావ తల దించుకున్నాడు. ఒక్క మాట చాలు. చెత్తబుట్ట అక్కడే, బల్ల కిందే ఉంది. ఒక పీలిక తీసి చూపిస్తే చాలు. తియ్యలేదు.

"ఎందుకిలా చేశావు బావా?" అన్నాను నేను కూడా. ఆ మాట నా నోటివెంట వచ్చింది, దాచి లాభం లేదు.

అప్పుడు మిషను ఆగింది. అది ఆగేదాకా అక్క కుడుతూనే ఉందని మాకెవరికీ తెలియలేదు. లేచి వచ్చి విచ్చుకున్న టోపీని లోపలి వైపు తిప్పింది.

"కుట్టు చూడు నాన్నా. వేలుతో చూడు. అంచుకి ఇంత దగ్గరగా నేనెప్పుడైనా కుట్టానా?"

నాన్న తడిమాడు. "ఇదేమిటి, అంచు మీదే కుట్టావు? దారం నిలబడొద్దూ? ఎందుకిలా..."

అక్క బల్ల దగ్గరికి వెళ్ళింది. పొద్దున నాన్న కత్తిరించిన ముక్క ఒకటి తీసి, అట్ట మీద పెట్టి, నాన్న బొటనవేలు పట్టుకుని అంచు వెంబడి నడిపించింది. ముక్క బయట, రెండు వైపులా, అట్ట అంచు వేలికి తగులుతూ వచ్చింది. పైనుంచి కిందిదాకా. ఇంకో ముక్క పెట్టింది. ఇంకోటి పెట్టింది. నాలుగో ముక్కకి నాన్న చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

అందరికంటే ముందు బావే మాట్లాడాడు. నాన్నతో కాదు, అక్కతో.

"నీకు తెలుసా?"

"మీకు తెలుసా?" అంది అక్క.

నాన్న కత్తెర తినేసిన దాంట్లో సగం అక్క అంచు మీదే కుట్టి, గుడ్డ మిగిల్చి పూడుస్తోంది. ఆ సంగతి తెలియని బావ మిగతా సగం ఆవిరితో పూడుస్తున్నాడు. మామూలు గుడ్డ కాబట్టి ఇన్నాళ్ళూ ఓర్చుకుంది. రైలు వాళ్ళు ఎంచుకున్నది వదులు నేత ఉన్ని. పైగా ఆ నెలల్లో నాన్న చూపు ఇంకా తగ్గింది. అంచు మీది కుట్టు, సైజున్నర సాగదీత, ఆపైన వాన. ఇద్దరూ చేసిన మేలు కలిసి ఆ రైలు డ్రైవరు తలమీద విచ్చుకుంది.

"ఎప్పట్నించి?" అన్నాడు నాన్న.

"ఆరేళ్ళు," అన్నాడు బావ.

"ఏడు," అంది అక్క.

కొనడానికి వచ్చినవాళ్ళు కూర్చునే కుర్చీ వెతుక్కుని నాన్న కూర్చున్నాడు. దాని మీద ఆయన కూర్చోవడం నేను ఎప్పుడూ చూడలేదు. కాసేపటికి నవ్వుకాని నవ్వు ఒకటి నవ్వాడు.

"అయితే ఆరేళ్ళుగా మొగుడూ పెళ్ళాం కలిసి నాకే టోపీ పెట్టారన్నమాట."

ఎవరం నవ్వలేదు. అక్క మాత్రం వెళ్ళి ఆయన పక్కన నేల మీద కూర్చుంది.

డాక్టరు చెప్పింది మేం అనుకున్నదే. కంట్లో ఒత్తిడి పెరిగి పక్కచూపు పోయింది. పోయింది తిరిగి రాదు, ఉన్నది మందు చుక్కలతో నిలుస్తుంది. ముందే వచ్చి ఉంటే ఇంకా మిగిలేది అన్నాడు. ఆ మాటకి బావ గోడవైపు తిరిగి నిలబడ్డాడు. బయటికొచ్చాక నాన్నే అతని భుజం మీద చెయ్యి వేశాడు. "రమ్మన్నావు. నేను రాలేదు. పద."

నలభై రెండు టోపీలు మళ్ళీ చెయ్యాలి. కత్తెర ఎవరు పట్టాలి? అక్క కుట్టాలి. నాన్న పట్టలేడు. ఆరేళ్ళు ప్రతి టోపీనీ లోపలా బయటా కొలిచి కొలిచి, ఏ ముక్క ఎక్కడ ఎంత ఉండాలో బావకి కంఠతా వచ్చేసింది. కత్తెర అతనే పట్టాడు. నాన్న పక్కన నిలబడి, కోసిన ముక్కని వేలితో తడిమి, "ఊఁ" అనేవాడు, లేకపోతే "మళ్ళీ" అనేవాడు. మొదటి వారం అన్నీ మళ్ళీలే. నెల చివరికి ఊఁలే ఎక్కువ. టోపీలు సమయానికి వెళ్ళాయి. ఆ తర్వాత వానలు పడ్డా ఏదీ తిరిగి రాలేదు.

గుండు డ్రైవరు ఆ నెలలో రెండుసార్లు వచ్చి కూర్చుని వెళ్ళాడు. మూడోసారి రాలేదు. ఇంకొకరిని పెట్టుకున్నాడని తెలిసింది. అతన్ని తప్పు పట్టడానికి లేదు, బండి ఎన్నాళ్ళని నిలబెడతాడు!

ఇప్పుడు ఏడాదిన్నర అయింది. నాన్న కౌంటరు దగ్గర ఉంటాడు. తలలు చేత్తో పట్టుకుని సైజు చెప్తాడు, తర్వాత టేపు పెడితే అంతే వస్తుంది. జనం దానికోసమే వస్తున్నారు. ఆయన మొహం తేటపడింది. వెనక గదిలో చెక్క తలలు ఊరికే ఉన్నాయి, నెలకి రెండు మూడు టోపీలు, అదీ అర సైజు. బావ కిటికీ కింద బల్ల దగ్గర నిలబడి పొద్దున్నించి సాయంత్రందాకా కత్తిరిస్తాడు. ఎదురుగా వీధి కనిపిస్తుంది. అద్దం అవతల బండ్లు వెళ్తుంటాయి. మొదట్లో తలెత్తి చూసేవాడట. చూస్తే గీత తప్పుతోందని మానేశాడు.

పోయిన నెల నేను వెళ్ళినప్పుడు నాన్న, అక్క పైన ఉన్నారు. కొట్లో ఇద్దరమే. నా పెళ్ళప్పుడు అన్న మాటకి క్షమించమని అడిగాను. "ఏ మాట?" అన్నాడు. నిజంగా మరిచిపోయాడో, నన్ను బతికించడానికి అన్నాడో.

"ఇంక దాచాల్సిందేమీ లేదు కదా బావా. వెళ్ళొచ్చు కదా?"

"అప్పుడు దాచాలి కాబట్టి ఉన్నాను. ఇప్పుడు కొయ్యాలి కాబట్టి ఉన్నాను." సుద్ద పదును పెట్టుకుంటూ అన్నాడు. కోపం లేదు గొంతులో. అది ఉంటే బాగుండేదనిపించింది.

అసలు సంగతి నాకు తెలుసు. మా అమ్మకీ నాన్నకీ ఇద్దరం కూతుళ్ళం. అతను ఆ గుమ్మంలోకి రాకపోయి ఉంటే, ఆ బల్ల దగ్గరో, ఆ వెనక గదిలోనో ఉండాల్సింది నేను. అతను లోపలికి వచ్చాడు కాబట్టి నేను టేపు అతని చేతిలో పెట్టి బయటికి నడిచాను. ఇన్నాళ్ళూ ఆ లెక్క నేనెప్పుడూ పైకి అనలేదు. ఆ రోజు అన్నాను.

"నేను రెండు నెలలు సెలవు పెట్టి వస్తాను బావా. కత్తిరించడం నాకు నేర్పు. నువ్వు ఎవరి బండో ఒకటి పట్టుకుని వెళ్ళి రా."

బావ కత్తెర పక్కన పెట్టాడు. నా వైపు చూశాడు. అలా సూటిగా నన్ను అతను ఎప్పుడూ చూడలేదు. ఒక్క క్షణం నిజంగానే అవునంటాడేమోనని నాకు గుండె జారింది.

"రెండు నెలల్లో రాదులే," అన్నాడు. మళ్ళీ కత్తెర తీసుకున్నాడు. "నాకే ఆరేళ్ళు పట్టింది."

నేను రెండోసారి అడగలేదు. నాలుగున్నర బస్సుకి వేళయిందని లేచాను.